నాగ మిరపకు కొత్త పండగ

జనవరి ఇరవై రెండో తేదీ, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఇరవై నాగ మిరప గింజలను గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో వేశాను. అప్పటికి మా పెరట్లో మంచు ఎంత దట్టంగా ఉందంటే, దండెం మీద ముందురోజు మరిచిపోయిన తువ్వాలు కంటికి కనబడలేదు; మొహానికి తగిలింది. అస్సాంలో శిక్షణకు వెళ్ళివచ్చిన సహోద్యోగి ఒకరు ఆ గింజలను పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అక్కడ ఒక కాయలో చిన్న ముక్క కొరికి ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేకపోయానని చెప్పారు. ఆయనను పూటంతా మాట్లాడనీయని పదార్థం ఒకటి లోకంలో ఉందని తెలిసిన క్షణమే నాకు ఆ మొక్క మీద గౌరవం కలిగింది.

నేను అరకులో ఒక కార్యాలయంలో జమాఖర్చులు చూస్తాను. తేదీ వేయకుండా పాలు కూడా తోడుపెట్టనని మా వారు వెక్కిరిస్తారు. నాగ మిరప గింజ మొలవాలంటే బాగా వెచ్చదనం కావాలి. అరకు జనవరిలో దొరకనిది అదొక్కటే. థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగి చూడగా, మా ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు టీవీ సెట్‌టాప్ బాక్సు పైభాగమని తేలింది. గింజలను తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, దాని మీద ఉంచాను. టీవీ ఆపితే గింజలు చస్తాయని మా వారికి చెప్పిన మాట నిజమే. ఆయన దాన్ని శాసనంగా స్వీకరించారు. ఎప్పుడో ముగిసిన క్రికెట్ మ్యాచ్‌లన్నిటినీ వ్యవసాయం నిమిత్తం మళ్ళీ చూశారు. కూరలు తెమ్మంటే, మొలకలను వదిలి ఎలా వెళ్ళేదని అడిగారు. ఫిబ్రవరి ఎనిమిదిన మొదటి మొలక కనబడినప్పుడు అందులో సగం పేరు తనదేనన్నారు. మొత్తం తొమ్మిది మొలిచాయి.

ఏప్రిల్‌లో మా అక్కా బావా వచ్చారు. బావది విజయనగరం పక్క పల్లె. మిరప పండించడంలో తనంతటివాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం, ఆయన చేలో బాగా పండే మాట కూడా వాస్తవమే. పెరట్లో జానెడెత్తున ఉన్న నా తొమ్మిది మొక్కల చుట్టూ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ప్రదక్షిణం చేశాడు.

“ఏటే మరదలా, ఇవి మిరప మొక్కలేటే, తోటకూరేటే? ఈ సలికి, ఈ తేమకి కారం ఎక్కడ పుడతాదే? పండినా అది పండే గాని మిరప్పండు కాదు.”

మా వారికి ఆ స్థలంలో స్కూటర్ షెడ్డు వేయాలని మూడేళ్ళుగా కోరిక. బావ మాట ఆయనకు వరమైంది. ఇద్దరూ కాఫీ తాగుతూ నా ఎదుటే ఒప్పందం రాయకుండా రాసుకున్నారు: వానలు వెనకబట్టేలోగా నా చెట్టు కాయ తిని బావ కంట నీరు పెడితే పెరడు నాది, పెట్టకపోతే మొక్కలు పీకి షెడ్డు వేయాలి. నేను సరేనన్నాను. జూన్ మొదటి వారంలో బావ లోడు ఆటోలో షెడ్డుకు పన్నెండు రేకులు పంపాడు. ఓడిపోతానని ఆయనకు అనుమానమైనా లేకపోవడం నన్ను రేకులకన్నా ఎక్కువ బాధించింది. వాటిని గోడకు ఆనించి, రోజూ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళేదాన్ని.

వాన మొదలైంది. అరకులో వాన ‘కురవడం’ కాదు, వచ్చి ఉండిపోవడం. రెండు మొక్కలను నత్తలు తిన్నాయి. రెండింటికి మొదలు కుళ్ళింది. మిగిలినవాటికి మా వారి గొడుగు, నా గొడుగు, ఆఫీసులో ఎవరో వదిలిన గొడుగు పట్టాను. దారిన పోయేవారు మా పెరట్లో ఎవరో కూర్చుని ఉన్నారనుకుని పలకరించేవారు. ఇంకో రెండు చచ్చాక, మా క్వార్టర్ల వెనుక ఊళ్ళో ఉండే నా స్నేహితురాలి దగ్గరకు వెళ్ళాను. ఆమె కొండ మీద కొర్ర, రాగి పండిస్తుంది. శుక్రవారం సంతలో కూరలు అమ్ముతుంది. నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచి, అప్పకు ఇవ్వవలసిన మర్యాద ఒక్కటీ ఇవ్వదు. ఆమె వంటింటి గోడకు అటువైపు పొయ్యి ఉంది, ఇటువైపు మంచి లోతైన చూరు ఉంది. చివరి మూడు మొక్కలను నూనె డబ్బాల్లోకి మార్చి ఆ గోడ వారన పెట్టాము. మొక్కలకు వేడి కావాలంటే పొయ్యి రాజేసి కూర్చుంటాను గాని, రోజూ వచ్చి ఆకులు లెక్కపెట్టవద్దని ఆమె షరతు పెట్టింది. నేను రోజు విడిచి రోజు వెళ్ళాను.

ఆగస్టులో కాయలు కాశాయి. ముడతలు పడి, బొడిపెలతో, కోపంగా ఉన్న ముసలివాళ్ళ ముఖాల్లా ఉన్నాయి. మొదటి కాయ ఎర్రబడగానే గిల్లి నాలుకకు రాసుకోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఆగప్పా. మా సూరు కింద కాసినాయి కదా. కొత్త సెయ్యకుండా నోట ఎట్టకూడదు.”

ఆ ఊళ్ళో మామిడి అయినా, చిక్కుడైనా, కొర్రలైనా, కొత్త పంట ఏది వచ్చినా ముందు దేవతకూ పెద్దలకూ పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే ఇంట్లో వాడుకుంటారు. ఆ పండగ పేరే కొత్త. కొర్రల కొత్త సెప్టెంబరు పదిన ఉంది. ఈ కాయలూ అందులోనే కలుస్తాయని ఊరి పూజారి తేల్చాడు. అంతవరకు రుచి చూడనని మాట ఇచ్చాను. మాట ఇచ్చాక గాని అందులోని ఇబ్బంది తట్టలేదు: కారం పుట్టిందో లేదో తెలియకుండానే నేను బావను పిలవాలి.

దానికి తోడు, ఆగస్టు చివరి వారంలో ఒక పికిలిపిట్ట వచ్చి పండిన కాయ ఒకటి నా కళ్ళ ముందే తీరికగా తినేసి, ముక్కు కొమ్మకు తుడుచుకుని, పాట కూడా పాడింది. ఈ సంగతి మా వారు ఫోన్లో బావకు చేరవేశారు. పిట్ట తిన్నదంటే అది మిరపకాయ కాదని అటునుంచి తీర్పు వచ్చింది. పిట్టలకు కారం తెలియదని నేను చదివినదంతా చెప్పాను. ఓడిపోయేవాళ్ళే పుస్తకాలు చూపిస్తారని బావ నవ్వాడు. ఆ వారం మా వారు టేపు పట్టుకుని పెరడు కొలిచారు. ఆ టేపు రెండో కొన పట్టుకోమని నన్నే అడిగారు. పట్టుకున్నాను.

సెప్టెంబరు పది, ఆదివారం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు వేసే మేస్త్రీ నంబరు జేబులో పెట్టుకుని వచ్చాడు. చెట్ల మీద పండిన కాయలు తొమ్మిది. ముప్పై మందికి వండే పప్పులో ఒకటి చాలునని నేను నెమ్మదిగా సూచించాను. మొదట కోసిన కాపులో దాచుకోవడం ఉండదని పూజారి అన్నాడు. దేవత దగ్గర నా ఆఫీసు లెక్కలు పనికిరావని నా స్నేహితురాలు అంది. వాళ్ళ చిన్న కొండ మిరపకాయలు గుప్పెడు వేసినా పప్పు మామూలుగానే ఉంటుంది. ఇవి చూడబోతే మెత్తగా, పండ్ల వాసనతో ఉన్నాయి. తొమ్మిదీ కందిపప్పులో పడ్డాయి. ఉడికాక ఆమె తెడ్డుతో మెదిపింది. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గారు. తడి కట్టెల పొగ అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని దిగులుపడ్డాను.

పూజ అయింది. అడ్డాకులు పరిచి కొర్రన్నం, పప్పు వడ్డించారు. పద్ధతి ప్రకారం మొదటి ముద్ద పూజారిది. ఆయన ముద్ద మింగి, కళ్ళు మూసుకుని, కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తరవాత భుజాలు అదిరాయి. తల ఊగింది. ముఖం ఎర్రబడింది. ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకామె పసుపునీళ్ళు తెచ్చి, చేతులు జోడించి అడిగింది.

“ఏ తల్లివమ్మా నువ్వు? ఏటి కావాలమ్మా?”

పూజారి పెదవులు రెండు మూడు సార్లు కదిలాయి.

“నీళ్ళు,” అన్నాడు.

అప్పటికే పెద్దలందరూ ముద్ద నోట పెట్టి ఉన్నారు. తరవాత జరిగినదానికి శబ్దం లేదు. ముప్పై మంది ఒకేసారి గాలి పీల్చుకున్నారంతే. పిల్లల వంతు ఇంకా రాలేదు గనుక వాళ్ళు బతికిపోయి, చుట్టూ నిలబడి పెద్దలను వినోదంగా చూశారు. మా వారు బెల్లం గిన్నె పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నేనూ తిన్నాను. రుచి గురించి రాయడానికి నా దగ్గర మాటలు లేవు. ఆ సమయంలో నాలుకా లేదు.

నేను చూస్తున్నది మాత్రం బావను. కొత్తలో విస్తరి వదిలేయకూడదని ఆయనకు ముందే చెప్పారు. వెన్ను నిటారుగా పెట్టి, ఒక్కొక్క ముద్దా తిన్నాడు. నుదుటి నుంచి చెమట, ముక్కు నుంచి నీరు, చివరికి రెండు కళ్ళ నుంచీ రెండు ధారలు కారి ఇస్త్రీ చొక్కా కాలరులోకి దిగాయి. విస్తరి ఖాళీ అయ్యాక, గౌరవం తగ్గకుండా అన్నాడు.

“ఈ పొయ్యి పొగ... కళ్ళు మండిపోతన్నాయి.”

నా స్నేహితురాలు తన కళ్ళు కొంగుతో ఒత్తుకుంటూనే జవాబిచ్చింది.

“పొయ్యి ఆరిపోయి గంటయిపోనాది, బాబూ.”

ఊరంతా పొయ్యి వైపు చూసింది. బావ కూడా చూశాడు. బూడిద చల్లగా ఉంది. దాని మీద ఒక కోడి పడుకుని ఉంది. ముందు నవ్వింది పూజారి. ఆ నవ్వు మంటతో కలిసి దగ్గయి, ఊరంతా పాకింది. బావ మేస్త్రీ నంబరున్న కాగితం తీసి దానితోనే ముక్కు తుడుచుకున్నాడు.

“ఏటే మరదలా,” అన్నాడు, ఇంకా గొంతు రాకుండానే, “ఇత్తనం నాలుగు గింజలుంటే నాకూ ఇయ్యి.”

కోసినవన్నీ పప్పులో పడ్డాయని, మళ్ళీ పండేదాకా ఆగాలని చెప్పాను. ఆయన ఆగుతానన్నాడు. రేకులు మరుసటి శుక్రవారం ఆయన ఖర్చుతోనే, అదే ఆటోలో వెనక్కి వెళ్ళాయి. మొక్కలను అక్టోబరులో పెరట్లోకి తెచ్చాను.

ఆ ఏటి లెక్క ఇది. నానబెట్టిన గింజలు ఇరవై, మొలవనివి పదకొండు. నత్తలకు పోయిన మొక్కలు రెండు, వానకు పోయినవి నాలుగు. పిట్ట తిన్న కాయ ఒకటి, పప్పులో పోయినవి తొమ్మిది. విరిగిన గొడుగులు రెండు. మిగిలినవి: మొక్కలు మూడు, వాటి మీద పచ్చి కాయలు పద్నాలుగు, పెరడు పూర్తిగా.