బావ ఎర్రబిళ్ళ, మా బండి వెనక లాకు

మా బండికి వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాకు కంపెనీ నుంచే వచ్చింది. బండి కొన్న కొత్తలో ఈ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఆ తర్వాత రెండేళ్లలో ఆ స్విచ్చి ఒక్కసారి కూడా నొక్కలేదు. సీతమ్మధారలో ఇంటి నుంచి నా మందుల షాపుకి, షాపు నుంచి ఇంటికి, ఆదివారమైతే భీమిలి రోడ్డులో సముద్రపు గాలికి. "కూరల సంచీ మొయ్యడానికి ఏనుగుని కొన్నాడు మా తమ్ముడు" అని మా అక్క ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఆ ఏనుగు చేత మొదటిసారి పని చేయించినవాడు ఆవిడ మొగుడే, మా బావ సన్యాసిరావు.

బావ గాజువాక వైపు ఒక ఇనుప ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరి దాకా కూడా వెళ్లలేడు. మోకాళ్ల ఆపరేషనుకి రోజు కుదిరింది. దానికి పది రోజుల ముందు ఫోన్ చేసి, "ఒరే శీనూ, ఆ బల్ల ఎక్కేలోగా సోమన్నని ఓపాలి సూడాలిరా" అన్నాడు. సోమన్న ఊరు అనంతగిరి పక్క కొండ మీద. తారు రోడ్డు వదిలాక మూడు కిలోమీటర్లు మట్టి దారి, అందులో సగం నిట్టనిలువు. అక్కడికి ఆటోలు ఎక్కవు, అందరూ నడిచే వెళ్తారు. బావ నడవలేడు. బండి ఎక్కితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, లేకపోతే లేదు.

సోమన్న గురించి చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పట్లో నేను అక్కావాళ్లింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఫ్యాక్టరీ సైరను మోగాక బావ షిఫ్టు దిగి వస్తే ముందు గ్రీజు వాసన వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. యంత్రం ఆపి లోపలికి వెళ్లి పనిచేసేవాడు తన పేరు రాసిన ఎర్రబిళ్ళని స్విచ్చికి తగిలించి వెళ్లాలి. ఆ బిళ్ళ వేసినవాడే తీయాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. ఒకసారి బావ బిళ్ళ తీయడం మరిచిపోయి ఇంటికొచ్చేస్తే, స్కూటరు మీద మనిషి వచ్చి కంచం ముందు నుంచి లేపి తీసుకుపోయాడు. ఆ వేళ చేపల పులుసు నేనూ అక్కా ఖాళీ చేసేశామని బావకి ఇప్పటికీ కోపమే.

మరోసారి షిఫ్టు మారే వేళకి కన్వేయర్ బెల్టు స్విచ్చికి ఒక్క బిళ్ళ మిగిలిపోయింది. అది బావ గ్యాంగులో కూలీగా చేసే సోమన్నది. మరిచిపోయి వెళ్లిపోయుంటాడు, తీసేసి బెల్టు నడపమన్నారు అందరూ. బావ స్విచ్చికి అడ్డంగా నిలబడి, సోమన్న బిళ్ళ సోమన్నే తియ్యాలన్నాడు. అరగంట సేపు తిట్లు తిన్నాడు. అప్పుడు బెల్టు అడుగు నుంచి ఒళ్లంతా మసితో సోమన్న పాక్కుంటూ బయటికొచ్చాడు. తర్వాత సోమన్న ఊరెళ్లిపోయినా, ఏటా పసుపు పంట చేతికి రాగానే ఒక సంచీ భుజాన వేసుకొని బావ ఇంటికి వచ్చేవాడు. రెండేళ్లుగా రాలేదు. తుంటి విరిగి మంచాన పడ్డాడని సంతకి వచ్చినవాళ్లు ఎవరో చెబితే తెలిసింది.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు బావ మా ఇంటికొచ్చి, పక్క ఖాళీ స్థలంలో ఇసక మీద బండి పెట్టించి, కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. లాకు స్విచ్చి నొక్కితే డాష్‌బోర్డు మీద దీపం మిణుకుమిణుకుమంటోంది గానీ నిలకడగా వెలగడం లేదు. అంటే లాకు పడలేదన్నమాట.

"రెండేళ్లు ముట్టకుండా ఉంచేత్తే అదేటి సేత్తాది పాపం. కిందికి దూరు" అన్నాడు.

దూరాను. వెనక ఇరుసు దగ్గర లాకుని నడిపే తీగకి ఒక ప్లగ్గు ఉంది. ఊడదీస్తే లోపలంతా పచ్చటి చిలుం. సముద్రపు గాలి తినడానికి నేను భీమిలి తీసుకెళ్లేది నన్నే కాదు, దాన్ని కూడా అని అప్పుడు తెలిసింది. పాత టూత్‌బ్రష్షుతో, క్లీనర్ స్ప్రేతో తోమి, ఆరబెట్టి బిగించాక దీపం నిలకడగా వెలిగింది. దారిలో కొమ్మలు తగిలి తెగకుండా ఆ తీగని ఇరుసుకి గట్టిగా కట్టించాడు కూడా.

ఆదివారం పొద్దున్న ఐదుంబావుకి ఇంట్లో బయల్దేరి, గాజువాకలో బావని ఎక్కించుకొని, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఏడున్నరకి శృంగవరపుకోట చేరాం. రానూపోనూ డీజిలు రెండు వేల లోపే అయింది. మీరు వెళ్తే టిఫిను ఇక్కడే చేసెయ్యండి, పైన మట్టి దారిలో టీ కూడా దొరకదు. ఇడ్లీ పెట్టే ఆవిడ బావ కర్రని చూసి, "ఈ కాల్లతో కొండకేటి బావూ?" అంది.

"నానెక్కనమ్మా, మా బావమరిది ఎక్కిత్తాడు" అన్నాడు బావ.

ఆవిడ నన్ను ఓసారి పైనుంచి కిందిదాకా చూసి, "అయితే ఇంకో రెండు తినండి" అని బావ ప్లేటులోనే వేసింది.

ఘాట్ రోడ్డులో కాసేపు మంచు. తొమ్మిదిన్నరకి ఎడమ చేతి మట్టి దారిలోకి దిగాం. మొదట ఒక గెడ్డ, అంటే కొండవాగు, మోకాలి లోతు నీళ్లు. ఫోర్ వీల్‌లో, నెమ్మదిగా బలంగా లాగే 'లో' గేరు వేసి దాటాను. అసలు కథ దాని తర్వాత ఎత్తులో మొదలైంది. వానకి కోసుకుపోయిన గాడి మీదికి ఎక్కేసరికి వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచింది. డిఫరెన్షియల్ గుణమే అంత, బలమంతా ఊరికే తిరిగే చక్రానికి ఇచ్చేసి నేల మీదున్న దాన్ని ఖాళీగా కూర్చోబెడుతుంది. నాకు కంగారు పుట్టి, యాక్సిలరేటర్ తొక్కుతూనే లాకు స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాను. చేతి మీద కర్ర దెబ్బ పడింది.

"సక్రం తిరగతన్నప్పుడు ఏత్తావేటి! లోపల పళ్లు రాలిపోతాయి. ముందు కాలు తియ్యి."

తీశాను. బ్రేకు మీద మెల్లగా సమంగా ఉన్న చోటికి వెనక్కి దిగి, బండి పూర్తిగా ఆపాను. "లాకు ఇరుక్కున్నాక ఏసేది కాదురా, ఇరుక్కోకముందు ఏసుకొని ఎల్లేది" అంటూ బావ చొక్కా జేబులోంచి ఏదో తీశాడు. ఫ్యాక్టరీ ఎర్రబిళ్ళ. అంచులు అరిగిపోయాయి గానీ సన్యాసిరావు అన్న పేరు ఇంకా కనిపిస్తోంది. నేను స్విచ్చి నొక్కి, బండిని అడుగు ముందుకి కదిపి, దీపం నిలకడగా వెలిగాక చెప్పాను. బావ బిళ్ళని లోపలి అద్దానికి తగిలించి, "ఇప్పుడెల్లు. గట్టిగా తొక్కకు" అన్నాడు. అదే గాడి, అదే చక్రం గాల్లో. రెండో చక్రం నేలని పట్టుకొని మమ్మల్ని పైకి తోసేసింది. నాకు చిన్నపిల్లాడిలా కేక వెయ్యాలనిపించింది.

ఆ సంబరంలో పైన మలుపు దగ్గర స్టీరింగు తిప్పబోయాను. ఎదురుగా బిళ్ళ ఊగింది. లాకు ఉండగా మలుపు తిప్పితే రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో ఈడ్చుకుపోయి ఇరుసు మీద భారం పడుతుంది. తిన్నగా ఉండగానే ఆపి స్విచ్చి తీశాను. దీపం మిణుకుమంటూనే ఉంటే కంగారుపడకుండా తిన్నగా అడుగు వెనక్కి వెళ్లాను, ఆరింది. దీపాన్ని తన కళ్లతో చూశాకే బావ బిళ్ళ తీసి జేబులో పెట్టుకున్నాడు.

సోమన్న అరుగు మీద నులకమంచంలో కూర్చొని ఉన్నాడు. బండి ఆగడం చూసి ఎవరో సర్వేవాళ్లనుకున్నాడట. ముందు కర్ర దిగింది, తర్వాత బావ దిగాడు. సోమన్న లేవబోయి లేవలేక నవ్వేశాడు.

"దిగనేక నాను, ఎక్కనేక నువ్వు" అన్నాడు.

"ఎక్కొచ్చాను కదేటి" అన్నాడు బావ. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. వాళ్లని అలా వదిలి నేను మేకల దొడ్డి వైపు వెళ్లాను. దాని తలుపుకి సోమన్న ఎర్రబిళ్ళ వేలాడుతోంది. "మంచాన పడ్డా ఆ తలుపు మాత్రం నానే తీత్తానంటాడు. పొద్దున్నే మోసుకెల్లి దొడ్డికాడ నిలబెట్టాల" అని సోమన్న భార్య విసుక్కుంది. అంబలి, నాటుకోడి పులుసు పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. మీరు వెళ్తే బియ్యమో నూనో పట్టుకెళ్లండి.

మూడు గంటలు కూర్చున్నాం. బయల్దేరే ముందు బావ ఎవరికీ చెప్పని మాట సోమన్నకి చెప్పాడు. "బయమేత్తందిరా. మత్తిచ్చాక లేత్తానో లేవనో."

"బెల్టు కింద నానుండగా మిసను నడవనిచ్చావేటి? నీ పని ఇంకా అవనేదు. పసుపు తవ్వే యేలకి నువ్వే వచ్చి అట్టుకెల్లు" అన్నాడు సోమన్న.

దిగుడులో లాకు వాడలేదు, ఆ 'లో' గేరే బండిని పట్టుకుంది. గెడ్డ అవతలి గట్టు బురదగా ఉందని అక్కడ మాత్రం మళ్లీ వేశాం. బిళ్ళ అద్దానికి ఎక్కింది. గట్టెక్కాక లాకు తీశాను, దీపం ఆరింది. ఆరున్నరకి గాజువాకలో బావని దింపుతుంటే బిళ్ళ అద్దానికే ఉంది.

"మర్చిపోయావు బావా" అని తీయబోయాను.

"మర్సిపోనేదు. నువ్వు ముట్టుకోకు. కాల్లొచ్చాక నానే వచ్చి తీత్తాను" అని కర్ర ఊనుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు బండి కింద మట్టి, ఉప్పు పోయేలా కడిగించి, వెనక డిఫరెన్షియల్ నూనె మెకానిక్కుకి చూపించాను. నీరు చేరితే అది పాలు కలిపిన టీ రంగుకి వస్తుంది. మాది బాగానే ఉంది. ఇన్నాళ్లూ ఆ లాకు నా గొప్పకి వచ్చిందనుకున్నాను. వాడకుండా దాచుకుంటే చిలుం పట్టేది దానికొక్కదానికే కాదు. మూడు కిలోమీటర్ల కోసం వాళ్లిద్దరినీ రెండేళ్లు అలా వదిలేశామే అని ఇప్పుడు సిగ్గేస్తుంది. బావ గ్రీజు చొక్కా, ఆ సైరను, ఆ చేపల పులుసు అన్నీ ఆ ఒక్క రోజులో తిరిగొచ్చాయి.

మీకు చెప్పదలచింది ఒక్కటే. నెలకోసారి మెత్తటి నేల మీద లాకు వేసి తీయండి. వేసినప్పుడల్లా అద్దానికి ఎర్రటిది ఏదైనా కట్టండి, దీపం ఆరాక మీ చేత్తోనే విప్పండి. నేను అక్క పాత రిబ్బను వాడుతున్నాను. ఎందుకంటే బిళ్ళ ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీయాల్సిన మనిషి ఆపరేషను బల్ల దిగాడు, వాకరు పట్టుకొని నిన్న హాల్లో పన్నెండు అడుగులు వేశాడు.