కంచర గాడిదకు మాటొచ్చిన శుక్రవారం

మా చిన్నప్పుడు సండే స్కూలు శుక్రవారం జరిగేది... నవ్వకండి. ఒమాన్‌లోని నిజ్వాలో ఊరంతటికీ సెలవు ఆ రోజే మరి. నర్సుల క్వార్టర్స్‌లో టీచరాంటీ తన గదిలో చాప పరిచి పిల్లలందరినీ కూర్చోబెట్టేది.

ఒక వారం పాఠం, బైబిల్లో ప్రవక్తతో గాడిద నోరు తెరిచి మాట్లాడిన కథ. మా బుర్రలకెక్కాలని ఆంటీ ఎవరినో అడిగి ఒక పాత సినిమా సీడీ తెచ్చింది. తీరా చూస్తే అందులో దేవుడూ లేడు, ప్రవక్తా లేడు... మిలటరీ వాళ్ళు, మాట్లాడే ఒక కంచర గాడిద! అది ఒక్క సైనికుడితోనే మాట్లాడుతుంది. ఆ సంగతి పైవాళ్ళకు చెప్పినందుకు అతన్ని పిచ్చాసుపత్రిలో పడేస్తారు. ఆంటీ నాలుక కరుచుకుంది గానీ ఆపలేదు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం.

నా పక్కనున్న గ్రేస్ మాత్రం నవ్వలేదు. దానికి నత్తి. నలుగురిలో మాట పెగిలేది కాదు. నాతో మెట్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం గలగలా మాట్లాడేది... ఆ రోజు ముక్కాలిపీట ఎక్కి అందరి ముందూ కంఠత వాక్యం చెప్పాలని నెల రోజులుగా నా దగ్గరే వల్లించింది. ఒక్క తడబాటు లేదు. వాళ్ళమ్మ వినడానికని డ్యూటీ మార్చుకుని మరీ వచ్చింది.

సినిమా అయ్యాక గ్రేస్ పీట ఎక్కింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు. నాకేం పుట్టిందో... కంచర గాడిద గొంతు పెట్టి అన్నాను.

"గాడిదకే మాటొచ్చింది, నీకేమైందే?"

గది గొల్లుమంది. ఆంటీ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకెంత బాగుందో ఇప్పటికీ గుర్తే... అబద్ధమెందుకు.

వాళ్ళమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీ కాడ తప్పు లేకుండా చెప్పుద్దంట గదా? నువ్వన్నా చెప్పు తల్లీ, ఈళ్ళు నమ్మట్లేదు."

"లేదాంటీ, నా కాడా ఇంతే" అన్నాను. అంతమందిని నవ్వించాక వెనక్కి తగ్గడం ఇష్టంలేకపోయింది.

గ్రేస్ పీట దిగింది. మళ్ళీ మెట్ల మీదకు రాలేదు, నాతోనూ మాట్లాడలేదు. పదో తరగతి దాకా అందరం దాన్ని 'కంచర' అనే పిలిచాం... ఆ పేరు పెట్టిందీ నేనే.

సినిమాలో సైనికుడు నిజం చెప్పి పిచ్చివాడనిపించుకున్నాడు. నేను అబద్ధం చెప్పి తెలివైనదాన్ననిపించుకున్నాను.

ఇప్పుడు నేనూ ఇదే ఊళ్ళో నర్సుని. సండే స్కూలు ఇప్పటికీ శుక్రవారమే... చాపలు పోయాయి, ఎవరి ఫోను వాళ్ళదయింది. 'ఆ రోజులే వేరు' అని మనమంతా రాసుకుంటాం కదా... ఆ రోజులు పోయినందుకు హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళూ ఉంటారు.

మీరు చిన్నప్పుడు ఎవరిని చూసి నవ్వారో కామెంట్లలో రాయండి... గ్రేస్ నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉంది. నా పోస్టులన్నీ చూస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క మాట రాయలేదు.