మా అల్లుడి రద్దీ లెక్క

మా అల్లుడికి మనుషులు కనబడరు, రద్దీ కనబడుతుంది. పదిమంది ఒకచోట చేరితే మనకు సందడి. అతనికి మాత్రం, వీళ్ళంతా ఎటునుంచి వచ్చారు, ఒక్కసారిగా లేస్తే ఎటు పోతారు అని గుండెదడ. మా అమ్మాయి నెల తప్పానని సిగ్గుపడుతూ చెప్పిన రోజున అతనడిగిన మొదటి మాట, "చూడ్డానికి వచ్చేవాళ్ళ బళ్ళు ఎక్కడ పెట్టిద్దాం?" అని. అమ్మాయి అలిగి నా దగ్గరకు వచ్చింది. "బిడ్డ బయటపడే దారి గురించి అడగలేదు, సంతోషించు" అన్నాను.

అతని ఉద్యోగమే అలాంటిది. ఊళ్ళో ఎవరైనా పెద్ద కట్టడం లేపాలంటే, అది వచ్చాక రోడ్డు మీద ఎంత రద్దీ పెరుగుతుందో, దాన్ని ఎలా తగ్గిస్తారో ముందే లెక్కగట్టి ఆఫీసులో చూపించాలి. ఆ లెక్కల్లో బొక్కలు వెతకడం మా అల్లుడి పని. అందరూ ఆఫీసు పని ఆఫీసులో వదిలేసి వస్తారు. ఇతను ఇంటికి మోసుకొస్తాడు.

మా వంటింటికి రెండు తలుపులు. ఒకసారి వేడి పాలగిన్నెతో నేనూ, ఖాళీ గ్లాసులతో అమ్మాయీ గుమ్మంలో గుద్దుకున్నాం. మర్నాడే హుకుం జారీ అయింది. ఈ తలుపున లోపలికి, ఆ తలుపున బయటికి. అంటే అన్నం గిన్నె పెరటి తలుపున బయల్దేరి, ఇంటి చుట్టూ తిరిగి, వీధి గుమ్మంలోంచి భోజనాల గదికి చేరాలి.

"అల్లుడుగారూ, ఆకలి కూడా ఇల్లు చుట్టి రావాలా?"

"ఆకలి తిన్నగానే రావచ్చు అత్తయ్యగారూ. గిన్నె మాత్రం చుట్టి రావాలి."

ఆ తర్వాత ఎవరికీ చేయి కాలలేదని మా అమ్మాయి మొగుణ్ణి వెనకేసుకొస్తుంది. చల్లారిన అన్నానికి చేయి ఎలా కాలుతుంది?

మా ఇంటి ముందు పెద్ద రోడ్డు. రోడ్డుకు అవతల నా బొత్తాల కొట్టు. బొత్తాలు, దారాలు, జిప్పులు, హుక్కులు. నా చదువు మూడో తరగతిలో ఆగింది గానీ, చొక్కాకు మిగిలిన బొత్తాన్ని వేలితో తడిమి జత తీసివ్వడంలో నన్ను మించినవాళ్ళు లేరు. రోజూ రోడ్డు దాటి వెళతాను. ఎవరి చేయీ పట్టుకోను. దాటిస్తానని వచ్చిన ఒక పెద్దమనిషితో, "నీకు భయంగా ఉంటే నా చేయి పట్టుకో నాయనా" అన్నదాన్ని. మోకాళ్ళు మొరాయిస్తున్న మాట నిజమే. అయినా అవి నా మోకాళ్ళు, ఊరివి కావు.

అలాంటిది, మా వరసలో పాత గోదాము పడగొట్టి ఏడంతస్తుల బజారు కడతామని ఒక కంపెనీ దిగింది. రోడ్డు వెడల్పు చేస్తారట, సిగ్నల్ పెడతారట. నడిచేవాళ్ళు తమ పచ్చదీపం వెలిగినప్పుడు బయల్దేరాలి, అది ఆరేలోగా అవతల ఉండాలి.

"నేను నడిమధ్యలో ఉండగా ఆరిపోతే?" అని అమ్మాయినడిగాను.

"కొట్టు మూసేసి ఇంటిపట్టున ఉండకూడదామ్మా?" అంది.

అడిగినదానికి జవాబు అదీ! కొట్టు మూస్తే ఇక నేను మంచానికి ఐదో కోడునే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అల్లుడు నా వెంట పడ్డాడు. నేను కొట్టుకు బయల్దేరితే చాలు, చేతిలో గడియారం పట్టుకుని, పిలవని పెళ్ళికొచ్చిన చుట్టంలా కాస్త ఎడంగా నడిచేవాడు.

"ఏమిటిది అల్లుడుగారూ?"

"ఏం లేదు అత్తయ్యగారూ. మీ మానాన మీరు నడవండి."

"నా మానాన నేను నడుస్తుంటే వెనక మీరెందుకు?"

"నేనున్నానని తొందరపడకండి. నిన్న పరిగెత్తారు."

పరిగెత్తానట! నా నడకను ఆ మాటతో గౌరవించినవాడు ఇన్నేళ్ళలో ఇతనొక్కడే. అత్తగారి కుంటినడక ఆఫీసులో నవ్వుకోడానికి పనికొస్తోందనుకుని అతనితో మాట్లాడటం మానేశాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. మానేసిన సంగతి అతనికి తెలియనే లేదు.

ఇంతలో బజారు మీద అభ్యంతరాలుంటే చెప్పండని వీధివాళ్ళందరినీ పిలిచి సభ పెట్టారు. గోడల నిండా కట్టబోయే బజారు రంగు బొమ్మలు. బొమ్మల్లో మనుషులంతా సన్నగా, పొడుగ్గా, ఒక్కరికీ మోకాలినొప్పి లేకుండా ఉన్నారు. వేదిక మీద మా అల్లుడూ, అతని పై అధికారీ. నేను కొట్టు సంచీతో చివరి వరసలో కూర్చున్నాను.

కంపెనీ ఇంజనీరు లేచాడు. "సార్, మామూలు మనిషి నడకను బట్టే పచ్చదీపం లెక్క వేశాం. మీరేమో అందులో సగం వేగం రాసి తిప్పి పంపారు. అంతసేపు కార్లు ఆపితే మా గేటు దాకా బారు తీరతాయి."

"ఆ మామూలు మనిషి వయసెంతండీ?" అన్నాడు మా అల్లుడు.

"మామూలు వయసే సార్."

"చేతిలో సంచీ ఉందా?"

"సంచీ ఎందుకు సార్?"

"కడుతున్నది బజారు కదా. వట్టి చేతులతో పోయేటట్టయితే కట్టడం దేనికి?"

సభ గొల్లుమంది. ఇంజనీరు ఉడుక్కున్నాడు. "ఇంత నిదానంగా నడిచే మనిషి ఎక్కడైనా ఉంటారా సార్?"

"ఈ వీధి పెద్దవాళ్ళందరి వెనకా నడిచి చూశానండీ. అందరిలోకీ నిదానం ఒక పెద్దావిడ. పేరు చెప్పను, ఆవిడకు రోషమెక్కువ. ఒకరు చేయి పట్టుకుంటే ఒప్పుకోరు. ఆవిణ్ణి తొందరపెట్టడం మనవల్ల కాదు కాబట్టి, కార్లనే ఆపుదాం."

ఇంతా చెప్పి నా వైపు కన్నెత్తి చూడలేదు, గడుసువాడు.

"అలాంటి ముసలివాళ్ళు రోడ్డెక్కరు సార్. ఇంట్లో కూర్చుంటారు," అన్నాడు ఇంజనీరు.

"మనిషిని చూపించకుండా ఎలా నమ్మమంటావయ్యా?" అంటూ పై అధికారి కంపెనీ లెక్క మీద సంతకానికి కలం తీశాడు.

నేను లేచాను. "రోజూ ఎక్కుతాను," అన్నాను.

చివరి వరస నుంచి వేదిక దాకా నడిచాను. ఎవరికోసమూ తొందరపడలేదు. మధ్యలో సంచీ చేయి మార్చుకున్నాను. ఇంజనీరు నీళ్ళు తాగాడు, గ్లాసు పెట్టాడు, మళ్ళీ నింపుకుని తాగాడు. నేనింకా దారిలోనే ఉన్నాను. ఎవరో కుర్చీ తేబోతే, "కూర్చోడానికి కాదు, దాటడానికొచ్చాను" అన్నాను. నేను చేరేసరికి పై అధికారి కలానికి మూత పెట్టేశాడు.

ఇంటికొస్తూ అల్లుణ్ణి నిలదీశాను. "అన్నాళ్ళు వెనక నడిచారు, సంగతి ఇదీ అని ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే నిదానంగా నడిచేవారా అత్తయ్యగారూ?"

ఎక్కడ నడుస్తాను? ఊపిరి పోయినా సరే, గుర్రంలా పరిగెత్తి చూపించేదాన్ని.

బజారు లేచింది. సిగ్నలూ వచ్చింది. కుర్రకారు దాటి, మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కొచ్చి, మళ్ళీ దాటినా పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. మొన్న ఒక కారాయన అద్దం దించి, "ఏ మహానుభావుడు పెట్టాడమ్మా ఈ సిగ్నల్!" అని విసుక్కున్నాడు. నేనప్పుడు సరిగ్గా రోడ్డు మధ్యలో ఉన్నాను. పెద్దదాన్ని, అడిగిన మాటకు జవాబు చెప్పకుండా పోతే ఏం బాగుంటుంది? ఆగి, చెమట తుడుచుకుని, మా అల్లుడి గురించి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.