పోశం భుజంపై మెడికల్ బోర్డు

2007లో నన్ను గోదావరిఖనిలో ఒక గని ఆసుపత్రికి ఎముకల డాక్టరుగా వేశారు. హోదా డిప్యూటీ. అంటే ఆపరేషన్లు చేసేది మేము, ఆఖరి మాట పైవాళ్లది.

చేరిన కొత్తలోనే పోశం వచ్చాడు. గని పైకప్పు కూలకుండా బోల్టులు బిగించడం అతని పని. డ్రిల్లు మిషన్‌ను తలపైకి ఎత్తి పట్టుకోవాలి. అతని కుడి భుజం మాటిమాటికీ కీలు తప్పుతోంది. డ్యూటీలోనే కాదు, చొక్కా తొడుక్కుంటున్నా, నిద్రలో ఒత్తిగిలినా. నాగాలు పెరిగాయి. గని బయట తేలిక పని కోసం భుజం జారినట్టు నటిస్తున్నాడని అధికారులు ఫిర్యాదు చేశారు. తేల్చడానికి ముగ్గురు డాక్టర్లతో మెడికల్ బోర్డు వేశారు, అందులో నేనొకణ్ణి. నటన అని బోర్డు అంటే ఉద్యోగం ఊడుతుంది.

మొదటిసారి ఎప్పుడు జారిందని అడిగాను. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, రక్షణ వారోత్సవాలప్పుడు అన్నాడు. ప్రమాదం జరగని షిఫ్టుకు ఆ వారం బహుమతి ఇస్తారు.

"ప్రైజు పోతదని ఎవ్వలకు చెప్పలే సారూ. అదే షిఫ్టుల ఉన్న మా బావ సంకల కాలు పెట్టి చెయ్యి గుంజిండు, కీలు కూసున్నది. జరసేపు ఆగి మళ్ల మిషన్ పట్టిన" అన్నాడు, గర్వంగానే. నాకు ఒళ్లు మండింది, అతని మీద కూడా.

భుజం కీలులో గిన్నె లోతు తక్కువ. చుట్టూ ఉన్న మెత్తటి అంచే ఎముక బంతిని ఆపుతుంది. మొదటిసారి జారినప్పుడే ఆ అంచు చిరుగుతుంది. చిన్న వయసులో జారితే మళ్లీ జారే అవకాశం ఎక్కువ. దానికి కట్టు కట్టి విశ్రాంతి ఇవ్వకుండా, చేతులెత్తి చేసే పనికే పంపితే ఇక చెప్పేదేముంది? జారిన కొద్దీ బంతికి వెనక సొట్ట పడుతుంది, గిన్నె అంచు అరుగుతుంది. ఆ తర్వాత చొక్కా చాలు.

బోర్డుకు ఛైర్మన్ మా పెద్ద డాక్టరు. ఆయన ముందే పోశం చేతిని పక్కకు ఎత్తి, వెనక్కి తిప్పబోయాను. అతను నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఈ పరీక్షలో, కీలు జారబోతోందన్న ఆ భయమే రుజువు. అక్కడ ఆగాలి, ఆగాను.

భయం ఎవడైనా నటిస్తాడు, పూర్తిగా తిప్పండి, జారితే నమ్ముదాం అన్నారు ఛైర్మన్. తిప్పనన్నాను.

"తిప్పుండ్రి సారూ, జారనియ్యుండ్రి! నేను దొంగను కానని వీళ్లకు తెల్వాలె" అని పోశం అరిచాడు.

నువ్వు చెప్పినా తిప్పనన్నాను. బాగుచెయ్యాల్సిన కీలును నలుగురికి చూపించడానికి పాడుచెయ్యడం నా పని కాదు. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, ఎముక మీది సొట్ట చూపించి, దీన్ని ఎలా నటించాడో ఛైర్మన్ గారే చెప్పాలన్నాను. మూడో సభ్యుడు నా పక్షం వచ్చాడు, నటన కాదని బోర్డు రాసింది.

పోశంకు ఆపరేషన్ చేశాను. కోలుకున్నాక గని బయట, దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పని ఇచ్చారు. ఛైర్మన్ మాట కాదన్నందుకు నన్ను శ్రీరాంపూర్ గని ఆసుపత్రికి బదిలీ చేశారు. వెళ్లాను. అక్కడికీ ఇలా జారిన భుజాలే వచ్చాయి.

భుజం పదేపదే ఎందుకు జారుతోందో తెలియాలంటే, మొదటిసారి జారాక ఆ మనిషిని మళ్లీ పనిలోకి దింపింది ఎవరో, ఏ బహుమతో అడగాలి. తర్వాత నేను కూర్చున్న ప్రతి బోర్డులోనూ మొదట అదే అడిగాను. రిటైరయ్యేదాకా నాకు ప్రమోషన్ రాలేదు, ఆ ప్రశ్నా మానలేదు.