వెదురుబద్ద చెంచా

మొయినాబాద్‌లోని మా వంటింటి అటక దులుపుతుంటే ఈ ఉదయం ఒక చెంచా కిందపడింది. మూరెడు వెదురుబద్దకు సుతిలితాడుతో కట్టిన స్టీలు చెంచా. తాడులో ఇంకా పాత పచ్చిపులుసు వాసన. చేతిలోకి తీసుకోగానే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

అది అవ్వది. మా అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. కనకమామిడి ఊరి చామంతి తోటల్లో మంచు ఆరకముందే పూలు తెంపి గంపలకెత్తిన మనిషి. నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి కీళ్లవాతం ఆమె వేళ్లను వంకర చేసి మోచేతులకు ఎక్కింది. కుడిచెయ్యి సగందాకా వంగి ఆగిపోయేది, ఎడమది అంతకన్నా మొండి. అన్నం బుక్క నోటికందదని బాపు ఆ చెంచా కట్టిచ్చాడు. అవ్వ మా ఎదురుగానే కూర్చుని, “నాది దొరసాని చెంచా” అని నవ్వుతూ తినేది.

క్రిస్మస్ ముందు వారమంతా ఇంట్లో వాము, నువ్వులు వేసిన సకినాల వాసన, వీధిలో మా చిర్రగోనె ఆట, చర్చి గుమ్మానికి రంగుకాగితాలు, చామంతి దండలు. పండుగనాడు ఆరాధనయ్యాక అందరికీ ప్రేమవిందు, బగారన్నం, మటన్ కూర. ఆ ఏడు బయలుదేరేముందు అవ్వ చెంచా కొంగున చుట్టుకుంటుంటే నేనే అడ్డుపడ్డాను.

“అది తేకవ్వా, అందరు నగుతరు.”

అవ్వ దాన్ని ఇంట్లోనే పెట్టేసింది. బంతిలో తన పక్కన చోటు ఆపి, “బిడ్డా, ఇటు రా. జర రెండు బుక్కలు పెట్టు” అని పిలిచింది. నా స్నేహితులు చూస్తున్నారు. విననట్టే వెళ్లి ఆ చివర కూర్చుని, కూర మారు వడ్డించుకుని మరీ తిన్నాను. అవ్వ విస్తరి అలాగే ఉంది. ఎవరో అడిగితే, “కడుపుల మంచిగ లేదక్కా” అన్నది.

ఇంటికొచ్చాక పొద్దుటి సద్దన్నం ఆ చెంచాతోనే తిన్నది, గోడవైపు తిరిగి. ఆనాటి నుంచి అంతే. తప్పయిందని నేనూ ఏనాడూ అనలేదు.

ఇప్పుడా చామంతి తోటల్లో ఫాంహౌసుల ప్రహరీలు లేచాయి. మొన్న వానాకాలం పట్నం దవాఖానలో అవ్వ కుడి మోచేతిలో అరిగిన కీలు తీసి లోహపు కీలు వేశారు. బతికున్నన్నాళ్లూ ఆ చేత్తో బిందె ఎత్తొద్దన్నారు. వారాల తరబడి కసరత్తులు చేశాక చెయ్యి నోటికందింది, చెంచా అటకెక్కింది.

ఈ మధ్యాహ్నం బగారన్నం వండాను. అవ్వ పళ్లెం తీసుకుని గోడవైపు తిరిగింది.

“ఇటు తిరుగవ్వా.”

“గిట్లనే అలవాటైంది బిడ్డా. నువ్వు తిను.”

ఆమెకూ గోడకూ మధ్య ఇరుక్కుని కూర్చుని, బుక్క కలిపి నోటిదగ్గర పెట్టాను. అవ్వ నా వంక వింతగా చూసింది.

“ఇప్పుడెందుకు బిడ్డా, చెయ్యి అందుతున్నది గద” అని, తన బుక్క తనే తిన్నది.

నా చేతిలోది అలాగే ఉండిపోయింది.