పొయ్యిగట్టు మీద టమోటా నారు

పోయిన పుష్యమాసంలో మా కోడలు కడపలో మేముండే మూడో అంతస్తు ఇంటికి ఒక పెద్ద అట్టపెట్టె తెప్పించింది. అందులో ఒక నల్లటి ప్లాస్టిక్ పళ్ళెం, దాని నిండా ఉగ్గుగిన్నెలంత గుంటలు, ఇటుకలాగా అదిమిన కొబ్బరిపొట్టు, పైన వేలాడదీయడానికి గులాబీరంగు వెలుతురిచ్చే దీపం, కాగితపు పొట్లాల్లో టమోటా, మిరప విత్తనాలు ఉన్నాయి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కాబట్టి అచ్చులో ఉన్నది ఏది కనబడినా నాకు వదలబుద్ధి కాదు. అద్దాలు పెట్టుకుని పెట్టె మీద రాసిందంతా ఆసాంతం చదివాను. చేతికి మట్టి అంటకుండా తోట వేయవచ్చునట. చేతికి మట్టి అంటకూడదనుకునేవాళ్ళు తోట జోలికి ఎందుకు పోవాలో మాత్రం అందులో రాయలేదు.

పళ్ళేన్ని తీసుకుపోయి హాలులో, చల్లటి గాలి వదిలే మిషను కింద పెట్టారు. చలికాలంలో కూడా ఆ మిషను లేనిదే మా వాళ్ళకు నిద్ర రాదు. చలికి వణికే గింజకు ఒక పక్క దీపం వెలిగించి, ఇంకో పక్క మంచు కురిపించి, ఇంకా మొలవలేదే అని రోజూ ఫోనులో ఎవరెవరినో అడుగుతూ ఉంటే నవ్వు ఆపుకోవడం నాకు కష్టమయ్యేది.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి, నెలాఖరుకు తన ఆఫీసువాళ్ళు భోజనానికి వస్తున్నారని చెప్పి, వంటింటి వెనక గిన్నెలు కడిగే చోట నేను కట్టుకున్న పాత చాట వైపు చూశాడు. ఆ చాటకు ఒక పేడపిడక తట్టి ఉంది. టైల్సు గోడ మీద పేడ నిలవదు కాబట్టి చాటకు తట్టుకున్నాను. ఆ పిడకలో నిరుడు మేడ మీద బకెట్లలో పండిన మా టమోటా విత్తనం ఉంది.

"ఏందిమా ఇది, వచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? తీసెయ్‌మా," అన్నాడు.

వాడు పుట్టకముందు అచ్చం ఈ మాటే అన్న మనిషి ఒకడున్నాడు. వాడికి పెదనాన్న, నాకు బావ, అంటే మా ఆయనకు అన్న. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళను గురించి మంచే చెప్పాలంటారు గానీ ఎంత వెదికినా నాకు దొరకలేదు.

మా అత్త టమోటా విత్తనం దాచే తీరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నడికాపులో బాగా పండిన కాయలను చెట్టుకే వదిలి, తోలు మెత్తబడ్డాక పిండి, గుజ్జును బూడిదతో నలిపి కడిగి, ఆరిన గింజను పచ్చిపేడలో కలిపి వంటింట్లో పొయ్యి వెనక గోడకు తట్టేది. పొగ పట్టిన పిడకను పురుగు ముట్టదు. మళ్ళీ పుష్యం వచ్చి, బయట చలికి ఏ గింజా కళ్ళు తెరవని రోజుల్లో ఆ పిడకను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి చిదిపి, పగిలిన కుండల అడుగుల్లో మన్నూ బూడిదా మాగిన పెంటా నింపి, అందులో చల్లి, పొయ్యిగట్టు మీద వరసగా పెట్టేది. మిరప ఇంకా మొండిది. దాని గింజలను తడిగుడ్డలో మూటగట్టి, నడుము దగ్గర చీరె కుచ్చెళ్ళలో దోపుకుని, ఒంటివేడికి మొలక చిట్లేదాకా అలాగే ఇంటిపనీ దొడ్డిపనీ చేసుకుంటూ తిరిగేది. కడుపుతో ఉన్న ఆడదానిలాగా ఆ రోజుల్లో ఆమె బరువులెత్తేది కాదు. మేము నవ్వితే, మీరు మోస్తే తెలుస్తుందిలే అనేది.

ఆ టమోటా ఆమె పుట్టింటి నుంచి, కోసిగి దిక్కు నుంచి వచ్చింది. కాయ చిన్నది, గుమ్మడికాయకున్నట్టు ఒంటినిండా గాళ్ళు, తోలు మందం. పులుపంటే మామూలు పులుపు కాదు. నాలుగు కాయలు వేస్తే పప్పుకు చింతపండు పనిలేదు. నీళ్ళు లేకపోయినా పడి ఉంటుంది. మా దొడ్లో దానికి స్నానాల నీళ్ళే గతి, అయినా ఎండలు ముదిరేదాకా కాసేది. మిగిలిన కాయలను కోసి ఉప్పు చల్లి ఎండబెట్టి ఒరుగులు చేసుకునేవాళ్ళం. మిరప గింజైతే ఎండుమిరపకాయలోనే ఉంటుంది, ఏ ఇంటి కుండలో చెయ్యి పెట్టినా దొరుకుతుంది. టమోటాకు ఆ వీలు లేదు. ఒరుగులో గింజ ఉన్నా ఉప్పు తిన్న గింజ మొలవదు. కాబట్టి ఆ గోడ మీది పిడకలే దానికి దిక్కు.

నారు పెరిగి చలి విరిగాక ఊళ్ళో ఆడవాళ్ళంతా మా దొడ్డివాకిలికి వచ్చేవాళ్ళు. ఎవరినీ లేదనేది కాదు మా అత్త. వాళ్ళు గడప మీద ఇన్ని జొన్నలో కొర్రలో పోసి, నారు కొంగులో పెట్టుకుని పోయేవాళ్ళు. ఊరంతా ఆ టమోటానే తినేది, కానీ ఆమె ఒక్కతే ఎందుకు దాస్తోందో, తామెందుకు దాచడం లేదో ఒక్కరికీ తట్టేది కాదు.

మా బావ సంగతికి వస్తాను. పొలం ఉన్న ఇల్లు, పెద్దకొడుకు, తెల్లబట్టలు. ఆ బట్టల మడత నలగకుండా నడవడమే ఆయన నేర్చిన విద్య. చేలో కాలు పెట్టేవాడు కాదు గానీ రైతుల కష్టాల గురించి మాట్లాడటానికి ఎక్కడ నలుగురు కూడినా వెళ్ళేవాడు. ఊరి పెద్దరికం మీద కన్నుపడి, ఎవరో పెద్ద నాయకుడు ఒంటిమిట్టకు దర్శనానికి పోతున్నాడని తెలిసి, దారిలో మా ఇంట్లో భోజనం చేసి పొమ్మని వెంటపడి ఒప్పించుకొచ్చాడు. మా అత్త అప్పుడు బంధువుల ఇంట్లో చావుకు పోయి ఉంది. నేను, మా తోడికోడలు చేలో వేరుశనగ పీకుతున్నాం. ఇంట్లో అడ్డుచెప్పే ఆడమనిషి లేని సమయం చూసుకుని ఈయన ఇల్లంతా సున్నం కొట్టించాడు. నాయకుడు వంటింట్లోకి రాడు, పొయ్యి వెనక గోడ చూడడు. అయినా ఆ పిడకలు ఈయన కళ్ళకు అవమానంగా కనిపించాయి. పారతో గీకించి వంటచెరకులో వేయించాడు. వంటకు ఊరి బయటి నుంచి మనుషులను పిలిపించారు, వాళ్ళకు పిడకంటే పిడకే.

భోజనాల వేళకు మా అత్త బస్సు దిగి వచ్చింది. అప్పుడే చేలోంచి వచ్చిన నేను ఆమెను దొడ్డిదారిన లోపలికి తీసుకొచ్చేసరికి నడవలో విస్తళ్ళ ముందు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఆమె వంటింట్లోకి పోయి, తెల్లగా మెరిసే గోడ ముందు నిలబడిపోయింది. ఆమె చూపు గోడ మీది నుంచి పొయ్యి కిందికి దిగడం నేను చూశాను. పొయ్యిలో అప్పటికి బూడిదే ఉంది. సరిగ్గా అప్పుడే నడవలోంచి నాయకుడి గొంతు వినిపించింది.

"ఏమప్పా, ఈ ఒరుగుల పప్పు శానా బాగుండాది. ఈ టమోటా యాడిది? మా తోటలో ఏపిచ్చుకుంటా, రోంత ఇత్తనం పంపించు."

మా బావ ఆ మాటకు ఎంత పొంగిపోయాడో చెప్పలేను. రేపే పంపిస్తానన్నాడు, తానే తెచ్చిస్తానన్నాడు, అది తమ వంశంలో తరతరాలుగా ఉన్న విత్తనమన్నాడు. ఏ కాయ ఏ చెట్టున కాస్తుందో తెలియని మనిషి దాని గుణాలన్నీ వర్ణించాడు. కార్లు కదిలాక లోపలికి వచ్చి, తల్లి ఎప్పుడొచ్చిందని కూడా అడగకుండా, విత్తనం తీసిపెట్టమన్నాడు.

మా అత్త గొంతు పెంచలేదు. "ఇత్తనమా నాయనా? ఆయప్ప తినిపోయిన కూటి కింద మండినాది సూడు, అదే మన ఇత్తనం," అనింది.

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా తప్పు తనదనుకోలేదు, పిడకలో విత్తనం పెట్టుకునే మనుషులది అనుకున్నాడు. కోసిగికి మనిషిని పంపాడు. ఆ ఏడు అక్కడ వానలు లేక మా అత్త పుట్టింటివాళ్ళు కూలికి వలసపోయారు, ఇంటికి తాళం ఉంది. ఆ తర్వాత మా అత్తే ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట పోయాను. ప్రతి గడపలోనూ ఒకటే జవాబు. ఒకామె అయితే నవ్వుతూ, "నువ్వు ఉండావు గదా పెద్దమ్మా, మేం యాల దాచిపెట్టుకుంటాం?" అనింది. ఇన్నేళ్ళు మా టమోటా తిన్న ఊళ్ళో ఒక్క గింజ లేదు. ఆ రోజు మా అత్త ముఖం చూసినప్పటి నుంచి, సులువుగా దొరికే దాన్ని జనం ఎలా చూస్తారో నాకెవరూ చెప్పనక్కర లేకపోయింది.

మా బావ ఏం చేశాడో చెబితే నమ్మరు. కడప బజారులో విత్తనాల పొట్లాలు కొని, చించి, గింజలను పాత గుడ్డలో మూటగట్టి, దానికి కాస్త పేడ కూడా పూసి, వంశపు విత్తనమని నాయకుడికి ఇచ్చి వచ్చాడు. ఇంట్లో పిడకను చూసి సిగ్గుపడిన మనిషి మూటకు పేడ పూశాడు చూడండి. ఆ తోటలో ఎర్రగా, నున్నగా, ఉబ్బిన కాయలు కాశాయట. కోస్తే నీళ్ళు. ఆ నాయకుడు అవి తిని, అదే రుచి, అదే పులుపు అని నలుగురిలో పొగిడాడట. ఆ మాట మా బావ ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు. ఇలాంటి నాలుకల కోసమా మా విత్తనం కాలిపోయిందని నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

మా అత్త మాత్రం ఆ పుష్యంలో పగిలిన కుండలను ఖాళీగా ఉంచలేదు. వెనకటి కాపులో కుళ్ళిన కాయలు పారేసిన పెంటదిబ్బను తవ్వి, ఆ మన్ను గంపలతో లోపలికి మోసుకొచ్చి, కుండల్లో నింపి, పొయ్యిగట్టు మీద పెట్టి నీళ్ళు చల్లింది. గింజ చల్లకుండా మొలక కోసం ఎదురుచూసే మనిషిని నేను చూడటం అదే మొదలు. ముందు గడ్డి వచ్చింది, తర్వాత తోటకూర, పల్లేరు. ఒక్కొక్కటి పీకి పారేస్తూ, మళ్ళీ తడుపుతూ ఉండేది. మా బావ వంటింటి వాకిట్లో నిలబడి, మా అమ్మ కలుపు పెంచుతోందని నవ్వేవాడు. చివరికి ఒక కుండలో రెండాకుల మొలక ఒకటి పైకి వచ్చింది. ఆమె ఆకు నలిపి వాసన చూసి, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. టమోటానే. కానీ మనదేనా కాదా అన్నది కాయ కాస్తే గానీ తేలదు. ఆ ఒక్క చెట్టుకు ఆమె తాగే చెంబులోంచి నీళ్ళు పోసింది. గాళ్ళు పడిన చిన్నకాయ పండాక, కొరికి, పులుపుకు కళ్ళు మూసుకుని, మనదే అనింది.

ఆ ఏడు ఎవరికీ నారు ఇవ్వలేదు. వచ్చినవాళ్ళందరికీ తర్వాతి ఏడు తలా ఒక పిడక ఇచ్చి, మీ గోడకు మీరే తట్టుకోండి అని పంపింది. తట్టుకున్నారా అంటే, కొన్నాళ్ళు తట్టుకున్నారు. ఆ తర్వాత సిమెంటు గోడలు, గ్యాసు పొయ్యిలు, సంతలో బుట్టలకొద్దీ నున్నటి కాయలు వచ్చాయి. ఆమె పోయాక ఆ ఊళ్ళో పిడక కొట్టే చెయ్యి నాదొక్కటే మిగిలింది. నేనూ కడపకు వచ్చేశాను.

మా అబ్బాయి చెప్పినట్టే చాట తీసేశాను. పిడకను నానబెట్టి, కోడలు ఆఫీసుకు పోయిన పూట, దాని పళ్ళెంలో కుళ్ళిన గింజలను తీసేసి మా గింజలు వేశాను. కొబ్బరిపొట్టులో మేడ మీది బకెట్ల మన్ను కాస్త కలిపాను. పగలంతా ఆ పళ్ళెం ఫ్రిజ్ వెనక వెచ్చటి చోట ఉండేది, సాయంత్రానికి మళ్ళీ దీపం కిందికి చేరేది. మిరప గింజలను నడుముకు కట్టుకున్నాను. ఈ వయసులో ఆ మూట బరువు నాకు తెలిసింది.

అతిథులు వచ్చేసరికి నారు చక్కగా నిలబడింది. కోడలు వాళ్ళకు ఆ గులాబీ దీపం మహిమ వివరంగా చెప్పింది, పెట్టె మీద ఉన్న పేరు చెప్పింది. వాళ్ళు తలలూపారు. నకిలీ విత్తనం మా పేరుతో ఒకప్పుడు తోటలెక్కింది, ఇప్పుడు మా విత్తనం ఎవరో కంపెనీ పేరుతో బతుకుతోంది. బతకనీ, పేరుదేముంది. వాళ్ళలో ఒకామె మాత్రం వంగి ఆకును ముట్టుకుని, నాకు రెండు మొక్కలిస్తారా అని అడిగింది. మొక్కలెందుకని, ఆ పెట్టె ఎక్కడ దొరుకుతుందో ఫోనుకు పంపిస్తానని మా కోడలు అంది. ఆమె సరేనంది.

వాళ్ళంతా లిఫ్టు ఎక్కాక, ఆమె అడిగిన రెండు మొక్కలు నేను వేళ్ళు తెగకుండా పెకలించి తడిగుడ్డలో చుట్టి, అలవాటు చొప్పున వంటింటి వెనక్కి నడిచాను. అక్కడ గిన్నెలు కడిగే తొట్టి ఉంది, గోడ ఉంది. ఈ ఇంటికి దొడ్డివాకిలి లేదు.