నడిరోడ్డు మీద గాజుగిన్నె

తెలంగాణ కోసం మా జనగామలో అందరూ ఏదో ఒకటి వదులుకున్నారు. కొందరు జీతాలు, కొందరు చదువులు. నేను మా అత్తమ్మ గాజుగిన్నెను వదులుకున్నాను, అదీ ఆమెను అడగకుండా. పోయింది గిన్నె ఒక్కటే అయితే ఇంతగా చెప్పుకునేదాన్ని కాదు. దాంతోపాటు కాసేపు ఉద్యమం కూడా పోయింది.

అప్పటికి నేను కొత్త కోడలిని. టీవీలో ఒకావిడ చాక్లెట్ కరిగించడం చూపిస్తోంది. మరిగే నీళ్ల పైన గాజుగిన్నె పెట్టి ముక్కలు వేస్తే, మంట తగలకుండా ఒట్టి ఆవిరికే వెన్నలా కరుగుతుందట. "ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే..." అని ఆమె అందో లేదో, కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి ఆమె చేసింది తింటోంది. మధ్యలో పోయిన ముక్క ఏమంత గొప్పదై ఉంటుందిలే అనుకున్నాను.

ఆ వారమే వంటావార్పు. అంటే బండ్లు ఆపేసి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకొని, అక్కడే కూర్చుని తినాలి. అదే నిరసన. మా వాడకట్టు తరఫున బగారన్నం అత్తమ్మది.

"నువ్వేం చేస్తవు బిడ్డా?" అని అడిగింది.

"పిల్లలకు బిస్కెట్లు చాక్లెట్ల ముంచి ఇస్త అత్తమ్మా."

"మంచిగుంటది. చెయ్యి."

అనుమతి దొరికింది. ఏ గిన్నెలో చేస్తావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇంట్లో ఉన్న గాజుగిన్నె ఒక్కటే. భివండీలో మగ్గం పనికి పోయిన తమ్ముడు తెచ్చిచ్చాడని ఆమె దాన్ని అద్దాల అల్మారాలో దాచుకుంది. తుడవడానికి కూడా దానికో ప్రత్యేకమైన మెత్తటి గుడ్డ! అలాంటిదాన్ని చున్నీలో చుట్టి, చంకన పెట్టుకొని బయలుదేరాను.

రోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి, గంజులో నీళ్లు మరిగించి, దాని మీద గిన్నె కూర్చోబెట్టాను. చాక్లెట్ చక్కగా కరగసాగింది. పక్క పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న కొమురక్క తొంగి చూసింది.

"ఏందవ్వా గిది, నల్లగ నిగనిగలాడుతున్నది?"

"చాక్లెట్ అక్కా. ఆవిరికి కరుగుతది."

"తారనుకున్న! రోడ్డు బంద్ జేద్దామని మేమొస్తే, నువ్వు రోడ్డేస్తున్నవేమో అని పరేషానైన."

చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నవ్వులు విని అత్తమ్మ వచ్చింది. ఆమె చూపు చాక్లెట్ మీద పడలేదు.

"బిడ్డా, గది మా తమ్ముడు తెచ్చిన గిన్నె కాదు గదా?"

"అసొంటిదే అత్తమ్మా."

"అసొంటిది జనగామల ఇంకోటి లేదు."

కంగారులో కట్టెలు ఎగదోశాను. చాక్లెట్ చిక్కబడి గరిటెకు అంటుకుంది. కాస్త పలచన చేద్దామని కాసిన్ని చల్లటి నీళ్లు అందులో పోశాను. టీవీ ఆవిడ చెప్పబోయిన జాగ్రత్త ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. చాక్లెట్ పిడికిలిలా బిగుసుకుంది. గిన్నె ఠప్పుమని పగిలి నీళ్లలో పడింది. ఆ అదురుకు గంజు బోర్లా పడింది. నీళ్లన్నీ మంట మీద పడి, బుస్సుమంటూ తెల్లటి పొగ మేఘంలా లేచింది.

రోడ్డు పక్కన పోలీసులున్నారు. శబ్దం అయింది. పొగ వచ్చింది. ఇంకేం కావాలి?

"గ్యాసు ఇడిసిన్రు! ఉరుకున్రి!" అని ఎవరో అరిచారు.

బాష్పవాయువు అనుకొని జనం పరుగే పరుగు. కొమురక్క పప్పు గిన్నెతో సహా ఉరికింది. చిటికెలో రోడ్డు ఊడ్చినట్టు ఖాళీ అయింది. అంతసేపూ ఆగి ఉన్న లారీ ఒకటి సంతోషంగా హారన్ కొట్టి కదిలింది. ఇంతమంది పోరాటం నా బిస్కెట్ల పాలైందని నాకు ఏడుపొచ్చింది.

పొగలోంచి అత్తమ్మ వచ్చి, నా చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది.

"కాలిందా?"

"లే. గిన్నె..."

"గిన్నె ముచ్చట ఇంట్ల జూద్దాం. ముందుగాల కూసో. లారీ వస్తున్నది!"

ఆమె నడిరోడ్డు మీద బాసిపట్లు వేసుకొని కూర్చుంది. పక్కనే నేనూ కూలబడ్డాను. లారీ ఆగిపోయింది. అత్తమ్మ గొంతెత్తి పిలిచింది.

"గ్యాసు లేదు గీసు లేదు! మా కోడలు వంట జేసింది, గంతే! వాపస్ రాండ్రి!"

ఒక్కొక్కరే వచ్చారు. లేని గ్యాసుకు కొందరు కళ్లు కూడా నులుముకుంటున్నారు. మళ్లీ రోడ్డు నిండింది. అన్నం వడ్డించాం. పిల్లలు ఉత్త బిస్కెట్లే ఇష్టంగా తిన్నారు.

పోలీసు పెద్దసారుకు నేనే విస్తరి ఇచ్చాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అమ్మా, పొద్దటిసంది మైకుల మొత్తుకున్నా ఒక్కరు కదల్లే. నువ్వు ఒక్క గిన్నెతోని సాఫ్ జేసినవ్. రేపు నా డ్యూటీ మహబూబాబాద్ల. జర వస్తవా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"వస్తది సారూ. గిన్నె మాత్రం మీరే తెచ్చుకోండ్రి."

అక్కడే, మసి పట్టిన చేతిని గుండె మీద పెట్టుకొని ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో గాజుగిన్నెను పొయ్యి ఎక్కించను. ఎక్కించినా చన్నీళ్లు పొయ్యను. పోసినా పోలీసులున్న చోట మాత్రం పొయ్యను. రాష్ట్రం వచ్చింది, కరెంటూ ఉంటోంది. చాక్లెట్ మాత్రం నేను ఇప్పటికీ గట్టిగానే కొరుక్కు తింటాను.